తీసేసిన చప్పుడు

చౌడేశ్వరికి వచ్చిపడిన చిక్కు ఇదీ. మాణిక్యమ్మ అనే ముసలావిడ "నేనలా అనలేదు మొర్రో" అంటోంది. కంప్యూటరు మాత్రం అన్నావంటోంది. ఇద్దర్లో ఎవరో ఒకరు అబద్ధమాడుతూ ఉండాలి. అబద్ధమాడితే ఒరిగేది ముసలావిడకే గానీ కంప్యూటరుకి కాదు కదా! ఆ లెక్కన ఈశ్వరి ఎవరి పక్షం తేల్చుకుందో వేరే చెప్పాలా?

చౌడేశ్వరిని అందరూ ఈశ్వరి అనే పిలుస్తారు. రికార్డింగులూ ఫోన్లూ పరీక్షించి, అందులో ఉన్నది అసలో నకిలీయో తేల్చే ఫోరెన్సిక్ చదువు చదివింది. యూనివర్సిటీలో మెడలో పతకం వేయించుకుని బయటికొచ్చిన పిల్ల. అలాంటి పిల్ల హైదరాబాదులో ఏసీ గదుల ఉద్యోగం కాదనుకుని, రాజమండ్రిలో ఇమామ్ వలీ మాస్టారి దగ్గర శిష్యరికానికి చేరింది.

వలీ మాస్టారు ప్రభుత్వ లాబొరేటరీలో శబ్దాల విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. ఒక మేడమీద గదీ, రెండు కంప్యూటర్లూ, పాతకాలం స్పీకర్ల జతా ఆయన సంస్థానం. ముద్దాయిల తరఫు ప్లీడర్లు సాక్ష్యాలు పట్టుకుని ఆ మెట్లెక్కుతారు. "మావాడు నిర్దోషి అని రాసివ్వండి మాస్టారూ" అని ఎవరైనా నోరు జారారో, టీ కూడా పోయకుండా పంపించేస్తాడు.

ఆయన దగ్గరున్న పెద్ద ఇబ్బంది, పాఠం చెప్పకపోవడం. చేరిన మొదటిరోజు ఈశ్వరి చేతులు కట్టుకుని "ఏం నేర్చుకోమంటారు మాస్టారూ?" అంటే, "ఆ కిటికీ మూసి రా" అన్నాడు. మూసొచ్చింది. "ఇప్పుడు తెరిచి రా" అన్నాడు. తెరిచొచ్చింది. "ఇవాళ్టికి చాల్లే, ఇంటికెళ్ళు" అన్నాడు. ఈయనకేమైనా తేడా చేసిందా అని ఆ పిల్ల దారి పొడుగునా సణుక్కుంటూనే వెళ్ళింది. అయినా మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆయన చెవికి తిరుగులేదని లోకమంతా చెప్పుకుంటోంది మరి, ఆ చెవిలో ఏముందో తెలుసుకోవాలని ఆ పిల్ల ఆరాటం.

ఇక మాణిక్యమ్మ సంగతి. పేటలంక అని గోదావరి లంకల్లో ఓ నేత ఊరుంది. అక్కడ కనకలింగం అనే షావుకారికి పెద్ద మగ్గాల షెడ్డు. ఓ మధ్యాహ్నం అది తగలబడిపోయింది. మనుషులకేం కాలేదు గానీ మగ్గాలూ నూలూ చీరలూ సర్వం బుగ్గి. మర్నాడే షావుకారు స్టేషనుకెళ్ళి, తన ఫోన్లో రికార్డు చేశానంటూ ఓ ఆడియో ముక్క ఇచ్చాడు. అందులో మాణిక్యమ్మ గొంతు స్పష్టంగా ఉంది.

"నా అంచు డిజైను పట్టుకెళ్ళి పవర్‌లూముల వాళ్ళకిచ్చేస్తే నేనూరుకోను కనకలింగం. ఒక్క అగ్గిపుల్ల చాలు, షెడ్డంతా బూడిదైపోద్ది."

ఇంకేం కావాలి! ఆ అంచు ఆవిడ తన బుర్రతో పుట్టించి, ఏళ్ళ తరబడి చేత్తో నేసింది. షావుకారు దాన్ని చెప్పాపెట్టకుండా మరమగ్గాలకి ఇచ్చేశాడని ఊరంతటికీ తెలుసు. ఆవిడకి కడుపుమంట ఉందన్నదీ అందరికీ తెలుసు. పోలీసులు తీసుకెళ్ళి జైల్లో పెట్టారు. బెయిలడిగితే జడ్జిగారు ఆ ముక్క విని కుదరదన్నారు.

ఆవిడ తరఫు ప్లీడరు విశ్వనాథం గారు మెత్తని మనిషి. ఆడియో ఉన్న పెన్‌డ్రైవు మాస్టారి చేతికిచ్చి, ఈశ్వరితో ఇలా అన్నాడు: "చూడమ్మాయ్, ఇది అసలైందేనని మీరు తేల్చేస్తే నాదగ్గర వాదించడానికేం మిగల్దు. నేరం ఒప్పేసుకోమని నేనే ఆవిడకి చెప్పాలి. వయసు చూసి శిక్ష తగ్గిస్తారేమో. ఆవిడ ఒప్పుకుని లోపలికెళ్తే మళ్ళీ బయటికొచ్చి మగ్గం ఎక్కే వయసు కాదు."

ఈశ్వరి ఒళ్ళు దాచుకోకుండా పనిచేసింది. పాపం, ఆ మాట ఒప్పుకోవాలి. ఆడియోని అటు తిప్పింది, ఇటు తిప్పింది. అది వాట్సాప్‌లో చేతులు మారి మారి నలిగిపోయిన నకలు. అయినా ఉన్నంతలో తనకున్న సాఫ్ట్‌వేర్లన్నిటితోనూ గాలించింది. ఎక్కడా కోత కనపడలేదు, అతుకు కనపడలేదు. గొంతు మాణిక్యమ్మదే. తెర మీద గీతలన్నీ సాఫీగా ఉన్నాయి. రిపోర్టు టైపు చేసి, ప్రింటు తీసి, మాస్టారి ముందు పెట్టింది.

మాస్టారు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"చదవండి మాస్టారూ."

"చదివితే ఏం వినపడుద్దమ్మా? వినిపించు."

ఈశ్వరి వినిపించింది. మాణిక్యమ్మ ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది. ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది.

"అద్దంలా ఉందే!" అన్నాడు మాస్టారు.

మెచ్చుకున్నాడనుకుని ఈశ్వరి మొహం వెలిగింది.

"ఎక్కడ మాట్లాడుకున్నారు వీళ్ళు?"

"షెడ్డులోనండీ."

"ఏ వేళప్పుడు?"

"పట్టపగలు. పని జరుగుతుండగా."

మాస్టారు నోట్లో గింజ వేసుకున్నాడు. "పని జరుగుతున్న మగ్గాల షెడ్డు ఇంత ప్రశాంతంగా ఉందా? ఆ రోజు అందరూ మౌనవ్రతం పట్టారా ఏంటి?"

ఈశ్వరికి నవ్వొచ్చింది. "లేదండీ. పక్కనే మగ్గం ఆడుతోంది, గోలగోలగా ఉంది. ఆ చప్పుడంతా తీసేసి మాట శుభ్రం చేశాను."

"తీసేసి ఎక్కడ పెట్టావ్?"

"ఎక్కడా పెట్టలేదండీ. చెత్త కదా."

"చెత్తయినా ఓ చోట పోస్తాం కదమ్మా. వెళ్ళి అది పట్రా. ఆవిడ గొంతు తీసేసి, చెత్త మాత్రం పట్రా."

ఈశ్వరికి ఒళ్ళు మండింది. రిపోర్టు చదవకుండా ఈ వెటకారం ఏమిటని. కానీ గురువు గారి మాట, కాదనలేదు. కంప్యూటరు ముందు కూర్చుని ఈసారి పని తిరగేసింది. మాటని వీలైనంత పలచన చేసి, మగ్గాన్ని పైకి తెచ్చింది. తెస్తున్నంతసేపూ ఆమె మొహం చిట్లిస్తూనే ఉంది.

దానికి కారణముంది. ఈశ్వరి చీరాల వైపు దేవాంగుల పిల్ల. ఇంటి ముందుగదిలోనే నాన్న మగ్గం. పుట్టింది మొదలు ఆ చప్పుడులోనే తిని, ఆ చప్పుడులోనే నిద్రపోయింది. పదో తరగతి పరీక్షలకి చెవుల్లో దూది కుక్కుకుని చదివింది. ఈ చప్పుడు లేని చోటికి వెళ్ళిపోవాలి బాబోయ్ అన్న ఒకే ఒక్క కోరికతో అంత దూరం చదివేసింది. కాలేజీలో మొట్టమొదటిసారి ఓ మీట నొక్కి రికార్డింగులోంచి చప్పుడంతా తుడిచేసినప్పుడు ఆమెకి కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. అప్పట్నించీ ఏ ఆడియో చేతికొచ్చినా ముందు చేసేది అదే, చప్పుడు తీసెయ్యడం. చేతికి అలా అలవాటైపోయింది.

ఇప్పుడు గదిలో మగ్గం ఒక్కటే మోగుతోంది. మాస్టారు కంప్యూటరు తెరని గోడవైపు తిప్పేశాడు.

"అదేంటండీ?"

"గీతలు చూస్తూ కూర్చుంటావని. కళ్ళతో పని లేదు. వేలుతో బల్ల మీద దరువెయ్యి. దాంతోపాటు వెళ్ళు, అంతే."

"ఎందుకండీ?"

"వెయ్యవమ్మా. కచేరీకి టిక్కెట్టేం పెట్టలేదుగా."

ఈశ్వరి వేసింది. ఇంక చూడండి తమాషా. బుర్ర వద్దంటున్నా వేలికి ఆ దరువు తెలుసు. మగ్గం మీద తాడు లాగితే నాడె, అదే అడ్డదారం మోసుకెళ్ళే కొయ్య, కుడిపక్క పెట్టెలోకి దూసుకెళ్తుంది. మళ్ళీ లాగితే ఎడమపక్క పెట్టెలోకి వచ్చిపడుతుంది. రికార్డు చేసిన ఫోను కుడిపక్కకి దగ్గరగా ఉన్నట్టుంది, కుడి దెబ్బ ఠక్కున గట్టిగానూ, ఎడమ దెబ్బ టుక్కున మెత్తగానూ పడుతోంది. ఠక్, టుక్. ఠక్, టుక్. ఆమె వేలు కూడా గట్టిగా ఓసారీ, మెల్లిగా ఓసారీ పడుతోంది.

ఉన్నట్టుండి వేలు గాల్లో ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఏం లేదండీ. తప్పాను."

"మళ్ళీ మొదట్నించి."

మళ్ళీ మొదట్నించి వేసింది. మళ్ళీ తప్పింది. సిగ్గేసింది. నాన్న చూస్తే నవ్వుతాడనుకుంది. మరోసారి పెట్టించుకుని, ఈసారి కళ్ళు గట్టిగా మూసుకుని వేసింది. వేలు మళ్ళీ అక్కడే గాల్లో నిలబడిపోయింది.

"చిన్నప్పట్నించీ వింటున్నదే మాస్టారూ! ఆ ఒక్కచోట ఎందుకు తప్పుతున్నానో తెలీడం లేదు."

మాస్టారు వేరుశనగ తొక్కలన్నీ ఓ కాగితంలోకి ఎత్తుతున్నాడు. ఎత్తుతూనే అడిగాడు.

"నువ్వు తప్పుతున్నావా, అది తప్పుతోందా?"

ఈశ్వరి ఆడియో మళ్ళీ పెట్టుకుంది. వేలు వెయ్యలేదు, ఊరికే వింది. ఠక్, టుక్. ఠక్, టుక్. ఠక్, ఠక్.

"అయ్యబాబోయ్!" అని లేచి నిలబడింది. "మాస్టారూ, కుడిపక్కకి వెళ్ళిన నాడె తిరిగి రాకుండా మళ్ళీ కుడిపక్కకి ఎలా వెళ్తుంది?"

మాస్టారు లేచి, తొక్కలు బుట్టలో పడేసి వచ్చాడు.

"ఎక్కడది?" అన్నాడు వచ్చి కూర్చుని.

ఈశ్వరి గొంతు కలిపి చూసింది. "నేనూరుకోను కనకలింగం" అన్న మాటకీ, "ఒక్క అగ్గిపుల్ల చాలు" అన్న మాటకీ సరిగ్గా మధ్యన. అక్కడ ఎవరో ఓ ముక్క ఎత్తేశారు. ఎత్తేసినవాడు మహా తెలివైనవాడు, మగ్గం దెబ్బ పడే చోటు చూసి మరీ కోశాడు. ఆ దెబ్బ చప్పుడులో అతుకు కలిసిపోయింది. సాఫ్ట్‌వేరుకి దెబ్బ వినపడింది గానీ, అది ఏ పక్క దెబ్బో దానికెందుకు?

"నేత మనిషి దారం తెగి ఆపేడేమో, మళ్ళీ మొదలెట్టాడేమో" అన్నాడు మాస్టారు.

"ఆపితే సందు ఉండాలి కదండీ. సందు లేదు. దెబ్బ వేళకే పడింది. పక్కే తప్పు."

"అలా ఎప్పుడూ జరగదా?"

"జరగదండీ."

"ఎవరన్నారు?"

"నేనే... మా ఇంట్లో..."

"మీ నాన్నని కోర్టు బోనెక్కిస్తామా? వెళ్ళి పేటలంకలో కూర్చో. మగ్గం పక్కన ఫోను పెట్టి, విసుగు పుట్టేదాకా రికార్డు చెయ్యి. ఆడించే మనుషుల్ని మార్చు. ఆపించు, మళ్ళీ మొదలెట్టించు. ఒక్కసారి ఠక్ పక్కన ఠక్ పడిందా, ఈ మాట మర్చిపో."

ఈశ్వరి వెళ్ళింది. కాలిపోయిన షెడ్డు పక్కవీధిలో ఇంకో షెడ్డుంటే, అక్కడ గోడవారన పీట వేసుకుని కూర్చుంది. నేతవాళ్ళు మొదట బెదిరారు, తర్వాత నవ్వారు, తర్వాత మజ్జిగిచ్చారు. ఎన్నాళ్ళుగానో వద్దనుకున్న చప్పుడు మధ్యన తలంతా నొప్పెట్టేలా కూర్చుని, తనంతట తను రికార్డు చేసుకుంది. ఎవరు ఆడించినా, ఎప్పుడు ఆపినా, నాడె వెళ్ళినపక్క నించి వస్తూనే ఉంది. ఆ సాయంత్రం పొద్దువాలుతుండగా నాన్నకి ఫోను చేసింది. ఆయన హలో అనేసరికి వెనక మగ్గం వినపడింది. ఎందుకో ఏడుపొచ్చేసింది ఆ పిల్లకి. ఏమీ లేదు నాన్నా, ఊరికే చేశానని పెట్టేసింది.

తర్వాత తన రికార్డింగుల్లో ఒకదాన్ని తీసుకుని తనే మధ్యలో కోసి అతికింది. ఠక్ పక్కన ఠక్ పడింది. పాత రిపోర్టు చింపేసి కొత్తది రాసింది. చివర్లో "కాబట్టి ముద్దాయి నిర్దోషి" అని ఓ వాక్యం కూడా చేర్చింది. మాస్టారు ఈసారి రిపోర్టు మొత్తం చదివాడు. చివరి వాక్యం కొట్టేసి కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

విశ్వనాథం గారు రిపోర్టు చూసి కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు. సంతోషం వచ్చినంత వేగంగానే బెంగా వచ్చింది.

"కోశారన్నది బాగుంది. ఈ అనుమానం చాలు మనకి, దీనిమీద వాదిస్తాను. కానీ మీరు ఈ రిపోర్టులో అసలు ఫోను కూడా రప్పించమంటున్నారు. ఆ కోసేసిన ముక్కలో ఇంకా ఘోరమైన మాటలుంటే? మన చేత్తో మనమే ఆవిడని ముంచినట్టు కాదూ?"

ఈశ్వరి మాస్టారి మొహం చూసింది. ఆ మొహంలో ఏమీ దొరకలేదు.

"ఆ మాటలు ఎవరివి?" అన్నాడు మాస్టారు. "ఆవిడవి కదా. ఆవిణ్ణే అడగండి."

అడగడానికి ఈశ్వరి ప్లీడరు గారితో కలిసి జైలుకెళ్ళింది. ఇనుప జాలీ అవతల మాణిక్యమ్మ ఈశ్వరి అనుకున్నంత భారీగా లేదు. చిన్న మనిషి, చురుకైన కళ్ళు. జైల్లో చేతికి పని లేక కొంగు అంచు పోగులు ఒక్కొక్కటే లాగి మళ్ళీ ముడేస్తోంది. సంగతంతా విని పోగు లాగడం ఆపింది.

"అయితే కోశాడన్నమాట సచ్చినోడు" అంది. "నేనూ అదే అనుకుంటన్నా. నా గొంతే, నా మాటలే, కానీ ఆ వరసేంటో నాకు అంతుపట్టలేదు. అన్నానేమో అనుకున్నా కూడా. పిచ్చెక్కుతోందేమో అనుకున్నా."

"అసలు ఫోను తెప్పించమంటారా?" అన్నాడు విశ్వనాథం గారు. "బాగా ఆలోచించుకోండి. అందులో ఏముంటే అదంతా బయటికొస్తుంది."

"తెప్పించండి బాబూ. నేనన్నది నేను వినుకోవద్దా?"

లేచి వచ్చేస్తుంటే మాణిక్యమ్మ ఈశ్వరిని ఆపింది. "మొదట నువ్వూ నమ్మలేదంటగా అమ్మాయ్? ప్లీడరు గారు చెప్పారు."

"నమ్మలేదండీ" అంది ఈశ్వరి. తలెత్తి చూడటానికి మొహం చెల్లలేదు.

"పోన్లే. ఇప్పుడు విన్నావుగా" అంది మాణిక్యమ్మ.

ఫోను రప్పించాలన్న పిటిషను మీద వాదన జరిగినరోజు ప్రభుత్వ ప్లీడరు ఈశ్వరిని ఆడుకుందామనుకున్నాడు. "మిషన్లు పట్టుకోలేనిది మీ చెవి పట్టుకుందంటారు! మీదీ నేత కులమేనట కదా?" అన్నాడు చిరునవ్వుతో.

ఈశ్వరి ఏదో ఘాటుగా అనబోయి ఆగింది. "అవునండీ, మాదీ నేత ఇల్లే. కానీ నా చెవిని నమ్మమని నేనడగడం లేదు. నాడె వెళ్ళినపక్క నించే తిరిగి రావాలి. ఏ మగ్గం దగ్గరికెళ్ళయినా చూసుకోవచ్చు. ఈ రికార్డింగులో ఒక్కచోట రాలేదు. ఎందుకు రాలేదో అసలు ఫోను చెప్పాలి, నేను కాదు" అంది.

జడ్జిగారు ఆడియో తెప్పించుకుని, రెండు మూడు సార్లు విన్నారు. ఫోను ప్రభుత్వ లాబొరేటరీకి పంపమని ఆర్డరేశారు. కనకలింగం ఆ ఫోను ఎప్పుడో పోయిందన్నాడు. తీరా పోలీసులు ఇంటికెళ్తే కూతురు దాంట్లో సినిమా చూస్తోంది. రికార్డింగు తుడిచేశానని షావుకారి ధీమా. తుడిచినంత మాత్రాన ఫోను అంత తొందరగా మర్చిపోదని అతనికి తెలీదు. లాబొరేటరీవాళ్ళు బయటికి లాగారు. కోతలేని అసలు రికార్డింగు, ఏముందో ఎవరికీ తెలీనిది, సీలు వేసిన కవర్లో కోర్టుకొచ్చింది.

ఆ రోజు హాలంతా జనం. పేటలంక నేతవాళ్ళు పని మానుకుని వచ్చారు. మాణిక్యమ్మ బోనులో కడ్డీ పట్టుకుని నిలబడింది. వలీ మాస్టారు వెనక బెంచీలో ఓ చివర కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఈశ్వరి లాప్‌టాపు ముందు కూర్చుంది. విశ్వనాథం గారు జేబురుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. జడ్జిగారు తలూపారు. ఈశ్వరి మీట నొక్కింది.

మగ్గం మొదలైంది. ఠక్, టుక్. ఠక్, టుక్.

"నా అంచు డిజైను పట్టుకెళ్ళి పవర్‌లూముల వాళ్ళకిచ్చేస్తే నేనూరుకోను కనకలింగం" అంది మాణిక్యమ్మ గొంతు. తర్వాత కోర్టు ఇంతవరకూ వినని మాట వచ్చింది. "సంఘంలో పెడతాను. ఆఫీసర్ల కాడికెళ్తాను. ఈ అంచు నాదని నలుగుర్లో ఒప్పిస్తాను."

"పోవే, చేసుకో పో" అంది షావుకారి గొంతు.

"చేసుకుంటా. అది సరే, ఆ ఆయిలు డబ్బాలేంట్రా మగ్గాల మధ్యన? జెనరేటరుకైతే బయట పెట్టుకో. పక్కనే దూదీ, నూలూ. బుద్ధుందా నీకు? ఒక్క అగ్గిపుల్ల చాలు, షెడ్డంతా బూడిదైపోద్ది. లోపల మనుషులున్నారు, నీ కళ్ళకి ఆనడం లేదేమో గానీ."

"నీ పని చూసుకోవే ముసిల్దానా" అంది షావుకారి గొంతు. చెప్పుల చప్పుడు దూరమైంది.

విశ్వనాథం గారి మొహం చూడాలి, గెలిచిన పిల్లాడిలా ఉంది. "చాలమ్మా, ఆపెయ్" అన్నాడు ఈశ్వరితో గబగబా. "మాటలు అయిపోయాయి."

నిజమే, అయిపోయాయి. మగ్గం ఒక్కటే మోగుతోంది. షావుకారు ఫోను ఆపడం మర్చిపోయి జేబులో వేసుకోకుండా ఎక్కడో పెట్టేసి పోయినట్టున్నాడు. ఈశ్వరి చెయ్యి మీట మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. వెనక్కి తీసేసుకుంది.

"ఇంకా ఉందండీ" అంది.

జడ్జిగారు కలం పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఠక్, టుక్. ఠక్, టుక్. ప్రభుత్వ ప్లీడరు విసుగ్గా కదిలాడు. విశ్వనాథం గారు కళ్ళతోనే బతిమాలాడు. ఈశ్వరి ఎవరివంకా చూడలేదు. తల వంచుకుని వింటోంది.

మగ్గం ఆగింది. మాణిక్యమ్మ గొంతే మళ్ళీ, ఈసారి కోపం లేదు, బాగా అలిసిపోయింది.

"ఒరే అబ్బాయిలూ, ఆడు వినడురా. మీరైనా ఇనండి. ఆ డబ్బాల కాడ బీడీలు ముట్టించకండి. మధ్యాన్నం కునుకు కూడా ఇక్కడొద్దు, బయట అరుగు మీద పడుకోండి. మీ ఇళ్ళల్లో మీకోసం చూసేవాళ్ళున్నారు. ఇంటన్నారా?"

"అట్టాగేలే పెద్దమ్మా" అని ఎవరో నవ్వారు. మగ్గం మళ్ళీ మొదలైంది.

జనంలోంచి ఒకతను లేచి నిలబడ్డాడు. నవ్విన గొంతు అతనిదే అయ్యుంటుంది. కూర్చోమన్నా కూర్చోలేదు, గోడవైపు తిరిగి భుజాలు అదురుతుండగా నిలబడిపోయాడు. షెడ్డు కాలిన ఆ మధ్యాహ్నం కునుకు వేళ ఎవరూ లోపల ఎందుకు లేరో అప్పటిదాకా ఎవరూ అడగలేదు. బోనులో మాణిక్యమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. జడ్జిగారు రాయడం ఆపి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

ఆ మధ్యాహ్నమే మాణిక్యమ్మకి బెయిలొచ్చింది. కేసు కొట్టేయడానికి మరికొంతకాలం పట్టింది గానీ, ఆవిడ మళ్ళీ జైలు గడప తొక్కలేదు. షావుకారి మీద దొంగసాక్ష్యం కేసు పెట్టమన్నారు. షెడ్డు ఎలా అంటుకుందో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

కోర్టు మెట్ల దగ్గర నేతవాళ్ళందరూ మాణిక్యమ్మ చుట్టూ మూగారు. ఆవిడ ఒక్కొక్కళ్ళనీ తిడుతోంది, తలలు నిమురుతోంది. ఈశ్వరి దూరంగా నిలబడి చూస్తోంది. గెలిచిన సంతోషం ఉంది గానీ, తన మొదటి రిపోర్టు గనక కోర్టుకొచ్చి ఉంటే అన్న తలపు వదలడం లేదు.

మాస్టారు చెప్పులు వేసుకుని నెమ్మదిగా మెట్లు దిగుతున్నాడు. ఈశ్వరి వెళ్ళి పక్కన నడిచింది. ఇంక ఉండబట్టలేకపోయింది.

"మాస్టారూ, ఆవిడ అలాంటి మనిషి కాదని మీకు మొదట్నించీ తెలుసు కదూ?"

"తెలీదమ్మా" అన్నాడు మాస్టారు. ఆఖరి మెట్టు మీద ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "తెలిసుంటే నేనూ సరిగ్గా వినేవాణ్ణి కాదు."